వార్సాలో ఇంకో రోజు ఉండండి

ఈ వేసవి సెలవులకు యూరప్ టూర్ అనుకుంటున్నారా? పది రోజుల్లో ఆరు దేశాలు చుట్టేసే ప్యాకేజీ కన్నా, ఒక్క నగరాన్ని తీరిగ్గా చూపిస్తే పిల్లలకు ఎక్కువ మేలు. పోలండ్ రాజధాని వార్సానే తీసుకోండి.

అక్కడి ఓల్డ్ టౌన్ వందల ఏళ్లుగా అలాగే నిలిచి ఉందనిపిస్తుంది. నిజానికి 1944లో నాజీ సేనలు దాన్ని దాదాపు నేలమట్టం చేశాయి. యుద్ధం ముగిశాక మళ్లీ కట్టారు. 18వ శతాబ్దంలో బెలొట్టో వేసిన నగర చిత్రాలు, యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలతలు తీసి గీసిన డ్రాయింగులు అందుకు ఆధారమయ్యాయి. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే కొత్త వార్సా ఉంది. 310 మీటర్ల వార్సో టవర్, చుట్టూ అద్దాల ఆఫీసులు. రెండూ ఒకే రోజు చూపించండి. ఏది పాతదో, ఏది పాతదిలా కట్టిన కొత్తదో పిల్లల్నే చెప్పమనండి.

సెల్ఫీలు తీసుకోండి, తప్పులేదు. కానీ పిల్లల చేతికి ఒక డ్రాయింగ్ పుస్తకం కూడా ఇవ్వండి. ఒక గుమ్మాన్నో, కిటికీనో అరగంట కూర్చుని గీయనివ్వండి. టైమ్ వేస్ట్ అనుకోవద్దు. విద్యార్థులు ఓపిగ్గా గీసిన అలాంటి బొమ్మలే ఒకనాడు ఆ ఊరు మళ్లీ లేవడానికి అక్కరకొచ్చాయి.