మంగినపూడిని తిట్టే ముందు ఒక్క నిమిషం

పోయిన నెల అమ్మానాన్నల్ని జెజు ద్వీపం తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక అందరిలాగే నేనూ ఓ నలభై ఫొటోలు మా బందరు స్కూలు బ్యాచి వాట్సాప్ గ్రూపులో పడేశాను. పది నిమిషాల్లో మొదలైంది.

"ఇదిరా బీచంటే!"
"మన మంగినపూడి కూడా బీచేనని చెప్పుకోడానికి సిగ్గేస్తుంది."
"మనది బీచి కాదు మామా, బురదగుంట."
"ఇండియా ఇంతే, మారదు. వదిలెయ్."

ఈ మాటలన్నవాళ్ళలో ఒకడు డల్లాసు, ఒకడు గచ్చిబౌలి, ఒకడు బెంగుళూరు. అందరం చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి అదే "బురదగుంట"లో మునకలేసి, ఒడ్డున మొక్కజొన్న పొత్తులు తిని పెరిగినవాళ్ళమే. సరే, వాళ్ళన్నారు. మరి నేనేం చేశాను? కింద బొటనవేలు బొమ్మ పెట్టాను.

ఆ బొటనవేలు గురించే ఈ టపా. కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

అసలు ఈ ట్రిప్పు ఎందుకు వేశానో నిజం చెప్పేస్తాను. నేను సియోల్ దగ్గర పనిచేస్తాను. అమ్మానాన్న మొదటిసారి వచ్చారు. "మావాడు అమ్మానాన్నల్ని ఫారిన్ తిప్పాడు" అనిపించుకోవాలని నాకు ఉబలాటం. గింపో నుంచి జెజుకి విమానంలో గంటా పది నిమిషాలు. ఏ చోట ఎన్ని నిమిషాలు ఆగాలో ఎక్సెల్ షీటు కూడా తయారు చేశాను (నవ్వకండి, మీరూ చేస్తారు). నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. వెయ్యి వాన్లంటే ఇంచుమించు అరవై రూపాయలని మొదటిరోజే తెలుసుకున్నారు, ఇంక ఏది చూసినా గుణించడమే. కాఫీ ధర గుణించాక ఆయన కాఫీ తాగడం మానేశారు :)

జెజు నగరం పక్కనే సమ్యాంగ్ అని ఒక బీచి ఉంది. అగ్నిపర్వతపు రాయి అరిగి అయిన నల్ల ఇసుక అక్కడ. వేసవిలో ఒంటినొప్పులకి మంచిదని జనం ఆ ఇసుకలో పీకల్దాకా కప్పించుకుని పడుకుంటారు. చాలా ప్రత్యేకం కదా అని నా షీటులో మొట్టమొదటి వరసలో పెట్టాను. అమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, కాసేపు అటూ ఇటూ చూసి అడిగింది: "ఇంతదూరం విమానమెక్కించి తీసుకొచ్చింది మళ్ళీ నల్ల ఒడ్డు చూడ్డానికా నాన్నా?"

అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే నవ్వు రావట్లేదు. మంగినపూడి ఒడ్డు కూడా నలుపే, కాకపోతే అది నల్లమన్ను. అదే నలుపు సమ్యాంగ్‌లో ఉంటే విశేషం, మన దగ్గరుంటే బురద. ఈ తేడా పెట్టింది ఎవరు?

రెండోరోజు హేన్యోలను చూశాం. ఆక్సిజన్ సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి దిగి నత్తలూ గవ్వలూ ఏరుకొచ్చే ఆడవాళ్ళు. పైకి తేలగానే ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు, దాన్ని సుంబిసోరి అంటారు. ఒకప్పుడు ఇరవై వేలకు పైగా ఉండేవాళ్ళు, ఇప్పుడు మూడు వేలలోపే, అందులోనూ ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. వాళ్ళకో మ్యూజియం ఉంది. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని వారసత్వంగా గుర్తించింది. టూరిస్టులంతా వాళ్ళకేసి గౌరవంగా చూస్తున్నారు. నేనూ చూశాను, వీడియో తీశాను.

మరి మన గిలకలదిండిలో తెల్లవారుజామున పడవ దగ్గర చేపలు వేలంపాడి, గంప నెత్తినెత్తుకుని బందరు వీధుల్లో తిరిగే ఆవిడని మనం ఎప్పుడైనా అలా చూశామా? బస్సులో పక్కన కూర్చుంటే ముక్కు మూసుకున్నాం. నేను మూసుకున్నాను, ఇంకొకళ్ళ మీద ఎందుకు పెట్టడం. ఆ రాత్రి హోటల్లో వెండి పట్టీలా పొడుగ్గా ఉండే చేప కాల్చి తెచ్చారు. అమ్మ చూడగానే "ఇది మనవైపు ఎండబెట్టి అమ్ముతార్రా" అంది. నేను మాత్రం దాన్ని జెజు స్పెషల్ అని ఫొటో పెట్టాను.

ఇక మూడోరోజు. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే.

ఆరోజు పొద్దున్నుంచీ వాన, ఈదురుగాలి. హల్లాసాన్ కొండ వైపు వెళ్ళడం కుదరదు. నా షీటు మొత్తం తడిసిపోయింది. పైన కప్పున్న చోటేదో చూద్దామని 4·3 శాంతి పార్కుకి తీసుకెళ్ళాను. దాని గురించి నాకు తెలిసింది కూడా అంతంతమాత్రమే. 1948 ఏప్రిల్ 3న జెజులో తిరుగుబాటు జరిగింది. దాన్ని అణచడం పేరుతో 1954 దాకా సాగిన మారణకాండలో ఇరవై అయిదు వేల నుంచి ముప్పై వేలమంది పోయారని అంచనా, అంటే ద్వీపంలో ప్రతి పదిమందిలో ఒకరు. దశాబ్దాలపాటు దాని గురించి నోరెత్తితే జైలు. 2000లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2003లో దేశాధ్యక్షుడు రో మూ హ్యున్ క్షమాపణ చెప్పాడు, 2014 నుంచి ఏప్రిల్ 3 జాతీయ సంస్మరణ దినం. 2025లో ఆ పత్రాలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి.

లోపల ఒక గదిలో తెల్లటి రాతిపలక ఒకటి పడుకోబెట్టి ఉంది. దానిమీద ఒక్క అక్షరం లేదు. అమ్మ అడిగింది, "పేరు రాయడం మర్చిపోయారా?" అని. జరిగినదాన్ని ఏమని పిలవాలో ఇంకా తేలలేదు, తేలాక రాసి నిలబెడతారు అని చెప్పాను. బయట గోడలనిండా మాత్రం పేర్లే, ఊరి వారీగా, వేల పేర్లు. అమ్మ అక్కడ చాలాసేపు నిలబడింది. ఒక్క అక్షరం చదవడం రాదు, అయినా నిలబడింది. తరవాత బెంచీ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

1977 నవంబరు 19, శనివారం. అమ్మకి తొమ్మిదేళ్ళు. వాళ్ళది నాగాయలంక వైపు పల్లె. "గాలి పొద్దున్నుంచే ఉంది. సాయంత్రానికి మా నాన్న మమ్మల్ని ఊళ్ళో ఉన్న ఒక్క డాబా మీదికి ఎక్కించాడు. నీళ్ళు చప్పుడుతో వచ్చాయిరా. ఆ చప్పుడు గాలిదే అనుకున్నాం. మా పిన్నిది తాటాకిల్లు, ఊరి చివర. తెల్లారాక చూస్తే నూతి గట్టు కనపడబట్టి వాళ్ళిల్లు అక్కడుండేదని పోల్చుకున్నాం." పిన్నీ బాబాయీ, ముగ్గురు పిల్లలు. పిల్లల్లో పెద్దది అమ్మకి జత, ఇద్దరూ ఒకే పలక మీద రాసుకునేవాళ్ళట. అయిదు పేర్లూ వరసగా చెప్పింది.

ఆ అయిదు పేర్లు నా ఇరవయ్యెనిమిదేళ్ళ జీవితంలో నేను వినడం అదే మొదటిసారి. "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

"నువ్వు అడగలేదుగా" అంది.

నాన్నగారు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. ఆయనకి అన్నీ తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కడికే.

ఇప్పుడు చెప్పండి. నేను వాళ్ళకి ప్రపంచం చూపిస్తున్నానని విర్రవీగాను కదా, నా ఎక్సెల్ షీటులో "అమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది" అనే గడి ఉందా?

దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు సర్కారు లెక్కల్లోనే పదివేల పైచిలుకు. ఆ రోజుల్లో ఎన్టీఆర్, ఏయెన్నార్ లాంటివాళ్ళు జోలె పట్టి విరాళాలు వసూలు చేశారు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో ముప్పై వేలమంది దాకా పోయారని చెబుతారు. మనం "బురదగుంట" అని కొట్టిపారేసే తీరం ఇదే.

ఇక్కడ నాకు రాబోయే వ్యాఖ్యలు నాకు తెలుసు. ముందే జవాబు చెప్పేస్తాను.

మొదటిది: "జెజులో చంపింది మనుషులు, దివిసీమలో చంపింది ప్రకృతి. రెండూ ఎలా పోలుస్తావ్?" నిజమే, రెండూ ఒకటి కావు. కానీ ప్రకృతి అని చేతులు దులుపుకోడం కూడా కుదరదు. 1999లో ఒడిశా పెను తుఫానుకి పదివేలమంది దాకా పోయారు. 2013లో అదే ఒడిశా తీరాన్ని ఫైలిన్ కొట్టినప్పుడు సుమారు పదిలక్షలమందిని ముందే తరలించారు, మృతుల సంఖ్య యాభైకి చేరలేదు. బంగాళాఖాతం అదే, గాలి అదే. మధ్యలో మారింది మనుషులు చేసిన పని. అమ్మ వాళ్ళ ఊళ్ళో కూడా డాబా ఎక్కినవాళ్ళు బతికారు, తాటాకింట్లో ఉన్నవాళ్ళు పోయారు. ఎవరు ఎక్కడ ఉన్నారన్నది ప్రకృతి నిర్ణయించలేదు కదా?

రెండోది: "పాత ఏడుపులు తవ్వుకుంటే ఏమొస్తుంది బాస్, ముందుకు చూడు." జెజు వాళ్ళకీ చాలా ఏళ్ళు ఇదే చెప్పారు. వాళ్ళు తవ్వుకున్నారు. దానివల్ల వాళ్ళ టూరిజం ఏమీ చెడిపోలేదు, నేను డబ్బులు పెట్టి వెళ్ళొచ్చాను చూడండి. పోయినవాళ్ళు ఎలా పోయారో తెలిసినవాళ్ళే తుఫాను హెచ్చరిక వినగానే ఇల్లు వదిలి కదులుతారు. మర్చిపోయినవాళ్ళు "ఆఁ, ఇలాంటివి ఎన్ని చూశాం" అని కూర్చుంటారు. జ్ఞాపకం అనేది ఏడుపు కోసం కాదు, వచ్చే తుఫాను కోసం.

మూడోది: "ప్రభుత్వం చెయ్యాలి, మనమేం చేస్తాం?" అవనిగడ్డ దగ్గర ఉప్పెన మృతుల స్మారకం ఉంది. అమ్మమ్మగారి ఊరెళ్ళేటప్పుడు ఎన్నిసార్లు ఆ దారిన బస్సులో పోయానో లెక్కలేదు. ఒక్కసారి దిగలేదు. దిగొద్దని ఏ ప్రభుత్వం ఆపింది నన్ను?

అలాగని రెండో బాపతు వాళ్ళు సంబరపడక్కర్లేదు. "మన సంస్కృతి ముందు జెజు ఎంత" అంటూ చప్పట్లు కొట్టేవాళ్ళకి కూడా నా దగ్గర మంచిమాటలు లేవు. పండగనాడు మంగినపూడికి వేలమంది ఆడవాళ్ళు వస్తారు. తడిబట్టలు మార్చుకోడానికి సరైన చాటు, శుభ్రమైన మరుగుదొడ్డి, నీళ్ళలోకి దిగేవాళ్ళని కనిపెట్టుకుని ఉండే గజ ఈతగాళ్ళు ఏడాది పొడుగునా ఉండాలని అడగడం ద్రోహం కాదు. 2004 డిసెంబరు 26న సునామీ మన కోస్తానీ తాకింది, రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. అడగాల్సిందే, గట్టిగా అడగాలి. నేను తప్పు పట్టేది విమర్శని కాదు, వెక్కిరింతని. విమర్శించేవాడికి ఆ చోటు గురించి ఎంతో కొంత తెలిసుంటుంది, బాగుపడాలని ఉంటుంది. వెక్కిరించేవాడికి తాను దాన్ని దాటొచ్చేశానని చూపించుకోవాలని ఉంటుంది, అంతే.

ఓ చిన్న పరీక్ష. సియోల్లో నా కొలీగ్ ఎవరిని అడిగినా జెజు గురించి పది నిమిషాలు చెప్తాడు. మా బ్యాచిలో ఎంతమంది మంగినపూడి గురించి పది వాక్యాలు చెప్పగలరు? 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తక స్థావరం పెట్టారని, డచ్చివాళ్ళ సమాధులు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయని, కలంకారీ బట్టలు ఇక్కణ్ణుంచే ఓడలెక్కి ప్రపంచం తిరిగాయని ఎంతమందికి గుర్తు? ఇప్పుడు మంగినపూడి పక్కనే పోర్టు కడుతున్నారు. ఆ తీరం మన కళ్ళముందే మారిపోతోంది. మారకముందు ఎలా ఉండేదో చెప్పాల్సింది ఎవరు?

ఇంకో లెక్క, మా నాన్నగారి పద్ధతిలో. 2027 నవంబరు 19కి ఉప్పెన జరిగి సరిగ్గా యాభై ఏళ్ళు. అప్పటికి పదేళ్ళున్నవాళ్ళకి అప్పుడు అరవై. పాతికేళ్ళున్నవాళ్ళకి డెబ్భై అయిదు. కళ్ళతో చూసినవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. మనం సాఫ్టువేరువాళ్ళం. పేరు, వయసు, ఊరు, ఎలా పోయారు, ఎవరు చెప్పారు — అయిదు గడుల పట్టిక ఇది. కంపెనీల కోసం రోజూ కోట్ల వరసల డేటాబేసులు కాపు కాస్తాం, మన ఇళ్ళల్లోని పేర్లు రాసిపెట్టడానికి చేతులు రావా?

నేను మొదలుపెట్టాను. అమ్మ చెప్పిన అయిదు పేర్లూ మొదటి అయిదు వరసల్లో ఉన్నాయి. అదే ఎక్సెల్, కొత్త షీటు. మీ ఇంట్లో 1977 నాటికి ఊహ తెలిసినవాళ్ళుంటే ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. ఫోన్ రికార్డరు ఆన్ చేసి పెట్టుకోండి, మధ్యలో తొందరపెట్టకండి. తుఫానులోనే పోనక్కర్లేదు, మీ ఊరికి మీ ఉప్పెన ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

గ్రూపులో నా బొటనవేలు తీసేశాను. దాని బదులు "ఉప్పెనలో మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. రాత్రి పదకొండింటికి, "బురదగుంట" అన్నవాడే రాశాడు: "మా నాయనమ్మ చెల్లెలు. పేరు అడిగి చెప్తా."

వచ్చే కార్తీక పౌర్ణమికి సెలవు పెట్టాను. అమ్మతో మంగినపూడి వెళ్ళాలి, అటునుంచి అవనిగడ్డ. ఈసారి బస్సు దిగుతాను.