మందుకు తగ్గినంత మాత్రాన

కర్నూలు, కడప పల్లెల్లో అరవై దాటినవారికి చూపు మసకబారితే అది శుక్లమనీ, స్టెరాయిడ్ వాడగానే ఆ మసక పలచబడితే లోపలి వాపు మాత్రమేననీ తేల్చుకునే అలవాటు ఇంటివారిలోనే కాక వైద్యంలోనూ పాతుకుపోయింది. మండే ఎండలో, రాతి దుమ్ములో బతుకు గడిచే నేలమీద మొదటి అనుమానం మామూలు జబ్బులమీదికి పోవడం తప్పు కాదు. మందుకు తగ్గడమే రోగనిర్ధారణ అనుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

ఆ తప్పువల్ల మరుగున పడిపోయే కంటి లోపలి లింఫోమా అరుదైన క్యాన్సర్. రోగనిరోధక వ్యవస్థకు చెందిన లింఫోసైట్లనే కణాలు అదుపు తప్పి, కనుగుడ్డును నింపివుండే జిగురు పదార్థమైన విట్రియస్‌లోనూ రెటీనా కిందనూ పోగుపడతాయి. ఎరుపూ నొప్పీ పెద్దగా లేకుండా, కళ్ల ముందు దోమలు ఎగిరినట్టు మొదలై, యువైటిస్ అనే వాపు వేషంలో అది నెలల తరబడి దాగివుంటుంది. స్టెరాయిడ్ వాపును అణచడమే కాక ఈ క్యాన్సర్ కణాలను సైతం కొంతమేరకు చంపుతుంది గనుక, చూపు తేటపడటం రెండు జబ్బుల్లోనూ కనిపిస్తుంది. దానిని బట్టి ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు. అంతకన్నా ఘోరమేమంటే, ఆ మందు వాడుతుండగా తీసిన నమూనాలో పట్టుకోవలసిన కణాలే మిగలకపోవచ్చు. క్షయవల్ల వచ్చే యువైటిస్ మన దేశంలో ఉన్నదే కాబట్టి క్షయ మందులతోపాటు స్టెరాయిడ్ ఇవ్వడమూ జరుగుతుంది. అప్పుడు కలిగిన మేలు ఏ మందుదో ఎవరూ చెప్పలేరు.

నిర్ధారణకు విట్రెక్టమీ అనే శస్త్రచికిత్సతో విట్రియస్‌ను కొంత తీసి, కణాలను సూక్ష్మదర్శినిలో చూసి, ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-6 కన్నా ఎక్కువగా ఉన్నదేమో, ఎంవైడీ88 జన్యువులో మార్పు ఉన్నదేమో పరీక్షించాలి. ఈ కణాలు త్వరగా చెడిపోతాయి గనుక నమూనా సీసా ప్రయాణించడం కన్నా రోగి ప్రయాణించడమే మేలు. కర్నూలు నుంచి 200 కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాదులో, 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోటికి పోవడం వృథా ఖర్చనే వాదన, ఈ జబ్బు సగానికి పైగా రోగుల్లో ఏదో ఒక దశలో మెదడుకూ సోకుతుందన్న నిజం ముందు నిలవదు. అందుకే మెదడుకు ఎంఆర్ఐ తప్పనిసరి.

కంటి క్యాన్సర్ అంటే కన్ను తీసేయడమేనన్న భయానికి కూడా ఇక్కడ చోటు లేదు. 0.1 మిల్లీలీటరులో 400 మైక్రోగ్రాముల మెథోట్రెక్సేట్ అనే మందును కంటిలోకే సూదితో ఎక్కించవచ్చు. జబ్బు మెదడుకు చేరితే అదే మందును పెద్ద మోతాదులో నరం ద్వారా ఇస్తారు. శుక్లం ఆపరేషన్ తరువాత కూడా చూపు తేటపడని పెద్దవారి విషయంలోనూ, స్టెరాయిడ్ ఆపిన ప్రతిసారీ మసక తిరిగివచ్చే వారి విషయంలోనూ, మరో మందుచీటీ రాయకముందే ఆ విట్రియస్ నమూనా తీయించాలి.