సెకండాండులో చవకంటే రేటు కాదు, కాయితం

బంగినపల్లి కాయ చేతిలో పెడితే మన నూజివీడు కుర్రోడు నిమిషంలో దాని జాతకం చెప్పేస్తాడు. తొడిమ కాడ వాసన చూస్తాడు. భుజాలు నిండినయ్యా లేదా అని వేలితో తడుముతాడు. ఒళ్లంతా ఒకటే పసుపు కొట్టుకొచ్చిందంటే "ఇది కార్బైడు సరుకురా, లోన పులుపే" అని పక్కన పడేస్తాడు.

అదే కుర్రోడు కోతలయ్యాక చేతికొచ్చిన ముప్పై వేలు పట్టుకెళ్లి పాత బండి కొంటాడు. ట్యాంకు మీద మెరుపు చూస్తాడు. ఎక్సలేటర్ రెండుసార్లు తిప్పుతాడు. వెయ్యి తగ్గించమని గంటసేపు బేరమాడతాడు. ఆర్సీ ఎవరి పేరు మీదుందో మాత్రం అడగడు.

కాయ విషయంలో అంత తెలివిగా ఉన్నోళ్లం పాత సరుకు దగ్గరకొచ్చేసరికి ఎందుకు బోల్తా పడతన్నాం? పాత సరుకు కొనడం తప్పేం కాదు, నామోషీ అసలే కాదు. ఏడాదికోసారి డబ్బు కనపడే ఊళ్లకి సెకండాండు బజారు అవసరం. అయితే ఈ బజారులో లాభం బేరమాడినోడిది కాదు, ఎక్కువ తెలిసినోడిది. ఈ సంగతి మనకి కొత్తా? పూత మీద తోట అమ్ముకున్న రైతుని అడిగితే చెప్తాడు. కాపు ఎంతొస్తదో, నున్న మార్కెట్లో రేటు ఎట్టా నడుస్తదో కొనేవాడికే ఎక్కువ తెలుసు. అమ్మేటప్పుడు పూత చూసి మోసపోయినోళ్లం, కొనేటప్పుడు పాలిష్ చూసి మోసపోతన్నాం.

కొత్తది తగ్గింది, పాతది తగ్గిందా?

ముందు ఒక లెక్క చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మనూళ్లల్లో తిరిగే బండ్లు దాదాపు అన్నీ ఈ లెక్కలోవే. పన్ను లేకుండా 80 వేలు ఉండే బండి అప్పట్లో 1,02,400 పడేది. ఇప్పుడు 94,400 పడద్ది. అంటే ఎనిమిది వేలు తేడా.

కొత్తది ఎనిమిది వేలు తగ్గినాక దాని పాత బండి కూడా తగ్గాలి కదా! అమ్మేవాడు మాత్రం పాత బిల్లు చూపించి, "లక్ష పైన పెట్టి కొన్నా తమ్ముడూ" అంటాడు. ఆయన ఎంత పెట్టి కొన్నాడన్నది మనకి అనవసరం. ఇయ్యాల షోరూములో కొత్తది ఎంతో అదే మన కొలబద్ద. పాత సరుకు ఏది కొన్నా ముందు కొత్తదాని ఇయ్యాల్టి రేటు తెలుసుకుని పోవాల. ఫోన్లో రెండు నిమిషాల పని.

బట్టలకీ అంతే. ఒక్కోటి 2,500 లోపు ఉండే కొత్త బట్టల మీద ఇప్పుడు పన్ను 5 శాతమే. ఇన్‌స్టాలో 'థ్రిఫ్ట్' పేజీల వాళ్లు "ఇంపోర్టెడ్ జాకెట్టు" అని వెయ్యి చెప్తే, విజయవాడ బీసెంట్ రోడ్డులో కొత్తది ఎంతకొస్తదో ఒకసారి అడగండి. ఇంకో సంగతి. వాడిన బట్టలు బయటి దేశం నుంచి తెచ్చి అమ్మాలంటే మన దేశంలో లైసెన్సు కావాల. దిగుమతయ్యే పాత బట్టల్లో చాలా భాగం గుజరాత్ కాండ్లా సెజ్‌కి చేరద్ది, అక్కడ ఏరి వేరు చేస్తారు. చింపిన గుడ్డ హర్యానా పానిపట్టుకి పోయి నూలై, దుప్పటై తిరిగొస్తది. ఇంపోర్టెడ్ అన్న ఒక్క మాటకి అదనంగా డబ్బులియ్యబాకండి. చంకల కాడ కుట్టు, కాలరు మడత, జిప్పు, ఈ మూడింటికీ దగ్గరగా తీసిన ఫొటో అడగండి. పంపకపోతే వదిలెయ్యండి.

బండి తెచ్చుకుంటే కేసు కూడా వస్తదా?

వస్తది. మనోళ్లకి ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే.

సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. ఒకాయన కారు అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్ముకుంటా పోయారు. ఆర్సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉండిపోయింది. యాక్సిడెంట్ అయ్యి ప్రాణం పోయింది. నష్టపరిహారం ఎవరు కట్టాల? ఆర్సీలో ఎవరి పేరుంటే ఆయనే యజమాని, ఆయనదే బాధ్యత అని కోర్టు తేల్చింది. బండి అమ్మేసి ఏళ్లయిందన్నా కుదరలేదు.

ఇది మన ఊరికి తెచ్చి చూడండి. నాన్న పాత బండి చేతి కాయితం మీద ఎవరికో అమ్మేశాడు. ఆ బండి హనుమాన్ జంక్షన్ కాడ ఎవరినో గుద్దింది. ఇన్సూరెన్సు లేదు. అప్పుడు నోటీసు ఎవరింటికి వస్తది? రెండెకరాల తోట ఎవరిది పోద్ది? కొనేవాడికీ తిప్పలే. ఆర్సీలో ఉన్నాయన ఫైనాన్సు బాకీ ఉంటే బండి వాళ్లు ఎత్తుకెళ్తారు. దొంగబండి అయితే డబ్బూ పోద్ది, స్టేషన్ చుట్టూ తిరుగుడూ తప్పదు.

చట్టం చెప్పేది చాలా చిన్న పని. అమ్మినాయన 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాల. కొన్నాయన 30 రోజుల్లో తన పేరున మార్చమని అడగాల. దానికి ఫారం 29, ఫారం 30. ఫైనాన్సు ఉండి తీరిపోయుంటే ఫారం 35. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాల. బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది అన్నీ కనపడతయ్యి. అడ్వాన్సు ఇచ్చే ముందే కొట్టి చూడాల, ఇచ్చాక కాదు.

డీలరు దగ్గర కొనేవాళ్లకి ఇంకో మాట. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన రూల్ ప్రకారం పాత బండ్ల డీలరు ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాల. బండి ఆయన దగ్గరున్నంత కాలం యజమాని కింద లెక్క ఆయనే. కాబట్టి "అన్నా, మీ ఆథరైజేషన్ ఏదీ?" అని అడగడం తప్పేం కాదు. మర్యాదగా అడగండి, గట్టిగా అడగండి.

ఫోను, ల్యాప్‌టాప్

పాత ఫోను కొనేటప్పుడు *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తది. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి. సంచార్ సాథీలో కూడా చూడొచ్చు. బ్లాక్‌లిస్టులో ఉందంటే ఆ ఫోను ముట్టుకోబాకండి. నంబరు మార్చేసి ఇస్తామనేవాళ్లుంటారు. ఐఎంఈఐ మారిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని టెలికాం చట్టం 2023 చెప్తంది. "నాకేం తెలుసు సార్" అంటే పోలీసులు వినరు.

ఇంకోటి, ఈఎంఐ మీద కొన్న ఫోను కంతులు కట్టకుండా అమ్మేవాళ్లుంటారు. కంతు ఆగితే లాక్ పడే ఫోన్లు ఉన్నయ్యి. అందుకే ఫోను మన ఎదురుగా రీసెట్ కొట్టించి, పాత అకౌంట్ తీయించి, మన సిమ్ముతో మాట్లాడి చూశాకే డబ్బులియ్యాల.

ల్యాప్‌టాప్ సంగతి మన ట్రిపుల్‌ఐటీ పిల్లలకీ, వాళ్లని చూసి డిప్లొమా చేస్తున్నోళ్లకీ బాగా అవసరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11కి పనికిరాని మిషన్లని ఆఫీసులు వదిలించుకుంటే అవి తుడిచి, స్టిక్కర్లు వేసి బజారుకొస్తయ్యి. ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైది కావాల. అంతకన్నా పాతదైతే రేటు బాగా తగ్గాల, లేదా లైనక్స్ వేసుకుని నేర్చుకుంటానన్నోడు తీసుకోవచ్చు. కోడింగ్ నేర్చుకోవడానికి లైనక్స్ చక్కగా సరిపోద్ది. నిజమైన బేరం అంటే అది. పక్కనోడికి పనికిరాదనుకున్నది మన పనికి సరిగ్గా సరిపోవడం.

పుస్తకాలకీ అదే లెక్క. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లున్నయ్యి. లెక్కలు, గ్రామరు, చరిత్ర పుస్తకం ఐదేళ్లదైనా పర్లేదు. సిలబస్ మారిందేమో ఒకసారి చూసుకుంటే చాలు. కరెంటఫైర్స్ పుస్తకం ఏడాది పాతదైతే ఉప్పు పొట్లాలకి తప్ప దేనికీ పనికిరాదు.

ఎప్పుడు కొనాల?

డబ్బులు చేతికొచ్చేది మే, జూన్ నెలల్లో. ఊరందరి జేబూ ఒకేసారి నిండద్ది. అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు. వీలైతే డబ్బు పోస్టాఫీసులో వేసి ఆరు నెలలు ఆగండి. దసరా, దీపావళికి కొత్త బండి కొన్నోళ్లు పాతది వదిలేస్తారు, సరుకు ఎక్కువుంటది. జనవరి వచ్చిందంటే బండి మోడల్ కాయితం మీద ఒక ఏడాది ముసలిదైపోద్ది. అప్పుడు బేరం మన చేతిలో ఉంటది. ఆగడం కష్టమే, తెలుసు. ఆగలేకపోవడాన్నే ఎదుటోడు అమ్ముకుంటాడు.

అమ్మేటప్పుడు కూడా మనదే తేలిక చెయ్యి. "పాత చీరలకి స్టీలు సామానం" అని కేక వినపడగానే అమ్మ ఐదు చీరలిచ్చి ఒక గిన్నె తీసుకుంటది. ఆ చీరల విలువ ఎంతో మనకి తెలీదు, గంప దించినామెకి తెలుసు. ఆమె కూడా ఎండలో తిరిగి పొట్టపోసుకునేదే, ఆమె మీద కోపం లేదు. కానీ మనం వాడిన చీర ఇంకోచోట సరుకే అవుతున్నప్పుడు, ఎదుటోళ్లు వాడింది మనం కొనడానికి సిగ్గెందుకు?

ఇది ఒక్కొక్కడు తెలివిగా ఉంటే తీరిపోయేది కాదు. 2019 నుంచి గ్రామ సచివాలయాలున్నయ్యి, వాటిల్లో డిజిటల్ అసిస్టెంట్లున్నారు. వారంలో ఒక పూట పాత బండి నంబరు, పాత ఫోను ఐఎంఈఐ చూసి చెప్తే చాలు. ఫారం 29, 30 నింపడంలో సాయం చేస్తే ఇంకా మేలు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఎవరో ఒకరు లేచి అడగాల.

ఈలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఊళ్లో ఎవరైనా పాత బండి కొనడానికి బయలుదేరితే, ఫోన్లో నంబరు కొట్టి చూసే కుర్రోడు ఒకడు తోడు వెళ్లండి. కాయ కొనేటప్పుడు పెద్దోళ్లని తీసుకెళ్తాం కదా, ఇదీ అంతే.