సగం కోచింగ్ కోర్టు బయటే

2003 జూలై. లండన్‌లో వింబుల్డన్ బాలికల డబుల్స్ ఫైనల్. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జాకు అప్పుడు 16 ఏళ్ళు. జోడీగా ఆడింది రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవా. మొదటి సెట్టు 2-6తో పోయింది. తర్వాత 6-3, 6-2తో ఇద్దరూ గెలిచి కప్పు అందుకున్నారు. ఈ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి సెట్టు పోయాక కోచ్ ఏం చెప్పి ఉంటారంటారు? చెప్పే వీలే లేదు! అప్పటి నియమం ప్రకారం అలాంటి పోటీల్లో కోచ్ నోటితోనే కాదు, చేత్తో సైగ చేసి కూడా ఏమీ చెప్పకూడదు. సెట్టుకూ సెట్టుకూ మధ్య దొరికే 2 నిమిషాల్లో పిల్లలు తమకు తామే ధైర్యం చెప్పుకోవాలి.

దేశం తరఫున జట్టుగా ఆడే పోటీల్లో మాత్రం కెప్టెన్ కోర్టులోనే కూర్చుని సలహా ఇవ్వవచ్చు. 2025 జనవరి నుంచి నియమం కొంత సడలించారు. నిర్వాహకులు ఒప్పుకుంటే మామూలు పోటీల్లోనూ కోచ్ బయటి నుంచి రెండు ముక్కలు చెప్పవచ్చు. కానీ పాయింటుకూ పాయింటుకూ మధ్య ఉండేది 25 సెకన్లే. అంతలో ఏం నేర్పుతారు చెప్పండి?

అందుకే నేననేది, పరాయి దేశంలో ఆడే పిల్లకు సగం కోచింగ్ తిండి, నిద్ర, బట్టలు, మందుల దగ్గరే జరుగుతుంది. అవన్నీ మనకు చేతనైన పనులే కదా!

ఆదిలాబాద్‌లో ఉండే మా ఆడపడుచు కూతురికి 14 ఏళ్ళు. అంతర్జాతీయ జూనియర్ పోటీల్లో 13 నిండిన పిల్లలు ఆడవచ్చు. బయటి దేశం వెళ్ళే అవకాశం వచ్చింది. "కోచ్ సారు ఉంటడు గదా వదినా, నాతోని ఏం పని? అసలు పెద్దమనిషైన పిల్లను గంత దూరం పంపుడేందని మా అత్తమ్మ ఒకటే గొణుగుడు" అని ఫోన్‌లో వాపోయింది. పెద్దమనిషైతే ఆట మాన్పించాలా? మన పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో టర్కీ వెళ్ళి బాక్సింగ్‌లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. తొలి పాఠాలు చెప్పింది తండ్రి జమీల్ అహ్మద్. ఆ పెద్దాయన కూడా నలుగురి మాట విని ఊరుకుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

అయితే అత్తమ్మ భయంలో ఒక నిజం ఉంది. నెలసరి రోజున ఆట పడితే ఆ పిల్ల మగ కోచ్‌కు ఎట్లా చెప్పుకుంటుంది? "కడుపునొప్పి" అని మూల కూర్చుంటుంది. కాబట్టి జట్టు వెంట ఆడమనిషి ఎవరైనా వెళ్తున్నారో లేదో ముందే అడగండి. లేకపోతే సిగ్గుపడకుండా ఆ తేదీలు మీరే కోచ్‌కు చెప్పండి. ఆ రోజుల్లో సాధన తగ్గించాలో వద్దో ఆయన చూసుకుంటారు. వాయిదా వేసే మాత్రలు మీ అంతట మీరు ఇవ్వకండి, డాక్టరమ్మను అడగాల్సిందే. వింబుల్డన్‌లో బట్టలన్నీ తెల్లవే ఉండాలి, పిల్లలకైనా సరే. ఆడవాళ్ళు ఈ బాధ బయటికి చెప్పగా చెప్పగా, 2023 నుంచి స్కర్టు లోపల ముదురు రంగు లాగు వేసుకోనిస్తున్నారు. ఇంతకాలం ఎవరికీ తట్టలేదు చూశారా! మిగతా చాలా పోటీల్లో ఈ తెలుపు పట్టింపు లేదు, కాబట్టి పెట్టెలో ముదురు రంగులే ఎక్కువ సర్దండి.

ఇక తిండి. బ్రిటన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాలతో చేసినవి తీసుకుపోనివ్వరు. పాలకోవా ఇంట్లోనే ఉంచండి. ఆస్ట్రేలియాలో అయితే వెంట తెచ్చిన తినుబండారాలు కాగితం మీద రాసి చూపించాలి. సకినాలు పెట్టండి గాని ఆటకు ముందు తినవద్దని చెప్పండి, నూనె వంటకం తొందరగా అరగదు. ఆటకు 3 గంటల ముందు కడుపునిండా అన్నమో బ్రెడ్డో, మధ్యలో అరటిపండు, నీళ్ళు. అక్కడ ఉడికించిన ఆలుగడ్డ, బ్రెడ్డు, పాస్తా తప్పకపోవచ్చు. నెల ముందు నుంచే వారానికి రెండుసార్లు ఇంట్లో చేసి పెడితే నాలుకకూ కడుపుకూ అలవాటవుతుంది. పోటీ రోజున కొత్త తిండి జోలికి పోవద్దు.

మందుల విషయం చాలామంది పట్టించుకోరు. జలుబు చేయగానే మనం ఇచ్చే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ అనే మందు ఉంటుంది. పోటీ రోజుల్లో అది పరిమితి దాటి ఒంట్లో దొరికితే జూనియర్లనైనా వదలరు, ఆట నుంచి నిషేధిస్తారు. "అమ్మ ఇచ్చింది" అంటే తప్పించుకోలేరు. బలానికని కొనే పొడులు, ఏం కలిపారో తెలియని లేహ్యాలు అసలే వద్దు. వేసుకునే ప్రతి మందు పేరూ డాక్టరుకు చూపించి, చీటీ రాయించి పెట్టెలో పెట్టండి.

ఫోన్ సంగతి కూడా చెబుతాను. జూలైలో మనకు రాత్రి 10 అయితే లండన్‌లో సాయంత్రం 5:30. మీకు నిద్ర పట్టడం లేదని అక్కడి అర్ధరాత్రి ఫోన్ చేసి పిల్లను లేపకండి. ఓడిన రోజు స్కోరు అడగవద్దు, "ఏం తిన్నవు బిడ్డా?" అనండి చాలు. కోచ్‌ను అడగాల్సినవి ఏమైనా ఉంటే మర్నాడు పొద్దున అడగవచ్చు.