తొమ్మిది షాట్లు: అవకాశం, అర్హత, ప్రాతినిధ్యం

అశోక్‌నగర్‌లోని మా స్టడీ హాల్లో మహిళా రిజర్వేషన్ల మాట వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: "పేరుకు కూర్చోబెట్టినవాళ్లు ఏం చేస్తారు?" కిందటి వారం అదే ప్రశ్న వేసింది మాలో బాగా చదివే మిత్రుడే. అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది కెనడా ఐస్ హాకీ గోల్‌కీపర్ మానోన్ రేయోమ్.

1992 సెప్టెంబర్ 23న, అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లోకి కొత్తగా వచ్చిన టాంపా బే లైట్నింగ్ జట్టు, సెయింట్ లూయిస్ బ్లూస్‌తో జరిగిన ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఇరవయ్యేళ్ల రేయోమ్‌ను గోల్ ముందు నిలబెట్టింది. ఆ లీగ్ జట్టు తరఫున మంచు మీదికి దిగిన మొదటి మహిళ ఆమె. ఆడింది ఒక్క పీరియడ్, అంటే 20 నిమిషాలు. తొమ్మిది షాట్లలో ఏడు ఆపారు, రెండు గోల్స్ వదిలారు.

ఆమెను ఎందుకు తీసుకున్నారో జట్టు జనరల్ మేనేజర్ ఫిల్ ఎస్పొసిటో దాచలేదు. ఎండలు కాసే ఫ్లోరిడాలో మంచు ఆట జట్టుకు జనం రావాలి, దానికి ప్రచారం కావాలి. మా మిత్రుడి భాషలో చెప్పాలంటే ఆమె "పేరుకు" వచ్చిన మనిషే. కానీ ఆ సంతకానికి కొన్ని నెలల ముందే ఆమె ఫిన్లాండ్‌లో ప్రపంచ మహిళల ఛాంపియన్‌షిప్ గెలిచిన కెనడా జట్టు గోల్‌కీపర్. ఆడపిల్లనని ఎన్నోసార్లు కాదన్నారు, ఇప్పుడు అదే కారణంతో ఒకరు రమ్మంటే ఎందుకు వద్దనాలి అన్నది ఆమె వాదన.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీయాలి. అవకాశం ఇచ్చినవారి ఉద్దేశం ఏమిటన్నది ఒకటి. దాన్ని అందుకున్న మనిషి అర్హత ఏమిటన్నది మరొకటి. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అంటగట్టడమే మనం తరచూ చేసే తప్పు. రేయోమ్ తర్వాత కొన్నేళ్లు పురుషుల దిగువస్థాయి ప్రొఫెషనల్ జట్లలో ఆడారు. 1994లో మళ్లీ ప్రపంచ స్వర్ణం సాధించారు. 1997 ప్రపంచ పోటీల జట్టులో ఆమెకు చోటు లేదు. అయినా తిరిగి వచ్చి, మహిళల ఐస్ హాకీకి మొదటిసారి స్థానం దక్కిన 1998 నాగానో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో నిలిచారు.

అయితే మిత్రుడి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ ఒక్క పీరియడ్ వల్ల లీగ్ మారిందా? లేదు. నేటికీ ఏ మహిళా అక్కడ రెగ్యులర్ సీజన్ మ్యాచ్ ఆడలేదు. మహిళల హాకీని నిలబెట్టినవి 1990లో మొదలైన ప్రపంచ ఛాంపియన్‌షిప్, 1998 నుంచి ఒలింపిక్ స్థానం, 2024 జనవరిలో ఆరు జట్లతో ఆరంభమైన ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్. ప్రచారం కోసం ఇచ్చిన చోటు ఒకరితో ఆగిపోయింది. నియమంగా వచ్చిన చోటు తరాలకు అందింది.

మన దేశంలో ఆ నియమం పేరు 73వ రాజ్యాంగ సవరణ. యాదృచ్ఛికమే అయినా, పార్లమెంటు దాన్ని ఆమోదించింది కూడా 1992లోనే, డిసెంబర్‌లో. 243డి అధికరణ పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడోవంతు స్థానాలు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు దాన్ని సగానికి పెంచాయి. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించిన రఘబేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో, మహిళలు నాయకత్వం వహించిన చోట తాగునీటి మీద ఎక్కువ పెట్టుబడి పెట్టినట్టు చూపించారు. బెంగాల్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో, వరుసగా రెండుసార్లు రిజర్వేషన్ అమలైన చోట ఆ తర్వాత జనరల్ స్థానాల్లో కూడా మహిళలు ఎక్కువగా పోటీచేసి గెలిచినట్టు తేలింది.

మా ఊరి మొదటి మహిళా సర్పంచ్‌కు తొలి ఏడాది ఎక్కడ సంతకం పెట్టాలో భర్త వేలితో చూపించేవాడు. నాలుగో ఏడాదికి నీళ్ల ట్యాంకు అంచనాల మీద ఇంజనీరును నిలదీసింది ఆవిడే. తర్వాతి ఎన్నికల్లో రిజర్వేషన్ మారింది. ఆవిడ ఇంటికి, పంచాయతీ మళ్లీ మగవాళ్లకు. పని నేర్చుకున్న మనిషిని అప్పుడే బెంచీ మీదికి పంపేశాం.

ఎస్సేలోనైనా ఇంటర్వ్యూలోనైనా "సర్పంచ్ పతి" ఉన్నాడు కాబట్టి రిజర్వేషన్ విఫలమైందని రాసే ముందు ఒక్క క్షణం ఆగుదాం. రేపు మనలో కొందరు ఎంపీడీవోలు అవుతారు, కొందరు కలెక్టర్లు అవుతారు. సమీక్ష సమావేశంలో సర్పంచ్ కుర్చీలో ఆమె భర్త కూర్చుంటే లేపేది మనమే, చూసీచూడనట్టు ఊరుకునేదీ మనమే. ఆమెకు శిక్షణ అందిందా, నిధుల లెక్క ఆమెకు ఎవరైనా వివరించారా అని అడగాల్సింది కూడా మనమే. రేయోమ్‌కు దక్కింది ఇరవై నిమిషాలు. మన సర్పంచ్‌కు రాజ్యాంగం ఐదేళ్లు ఇచ్చింది. ఆ ఐదేళ్లూ ఆమెకే దక్కేలా చూడటం మన ఉద్యోగంలో భాగం.