మేం ఫీల్డు, వాళ్ళు థియరీనా?

రాజనీతిశాస్త్రం మీకెందుకంటరు. పింఛను, బొందలగడ్డ జాగా, సర్పంచి రిజర్వేషను... పొద్దున లేస్తే రాజకీయం మా వాడలనే నిలబడి ఉంటది. దాన్ని మోసేది మేము, దాని మీద పుస్తకాలు రాసేది వాళ్ళు!

మా నాయిన జీతగాడు. మా ఇంట్ల డిగ్రీ మొకం చూసిన మొదటోన్ని నేను. సర్కారు బడిల పంతులుగ చేసుకుంటనే ప్రైవేటుగ ఎం.ఏ. చదివి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పోయిన. రాసుకపోయింది రాజ్యం, పౌరసత్వం అనే భావనల మీద. పెద్దసారు కాగితం తిప్పకుండనే, "ఇదంత నీకెందుకయ్యా, మీ వాడల సర్వే చెయ్, మంచి మెటీరియల్" అన్నడు. సీటు ఇయ్యలె. మా ఏడుపు మెటీరియలు, మా ఆలోచన మాత్రం పనికిరాదు. సాంఘికశాస్త్రాల్లో సిద్ధాంతం బ్రాహ్మలకు, వివరాలేరే పని శూద్రులకు పంచిపెట్టారని గోపాల్ గురు 2002లోనే రాసిండు. ఆయన రాజనీతి ప్రొఫెసరుగ పనిచేసినాయనే.

మెరిటంటరా? అంబేద్కర్ 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద, నెలకు 11.50 పౌండ్లు. మూడేండ్లకే, 1916లో, కులం పుట్టుక మీద అక్కడ పేపర్ చదివిండు. మేధ ఆయనదే, పూట గడిచింది ఆ పైసలతోని. మరి మన కాలంల? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయే ముందు, తనకు 7 నెలల ఫెలోషిప్పు రావాలని రాసిపోయిండు.

సానుభూతి సభలొద్దు. ఫెలోషిప్పు నెలనెలా చేతికి రావాలె. తెలుగు మీడియంల చదివినోళ్ళకు మొదటి ఏడు ఇంగ్లీషు రాత నేర్పాలె, ఎగతాళి చేసుడు కాదు. ఇంటర్వ్యూ బల్లకు అవతల మావాళ్ళు కూసోవాలె. కోయ పిల్ల పోడు మీద రాస్తనంటే రాయనియ్యండి. హాబ్స్ మీద రాస్తనన్నా నోరు మూసుకొని గైడుగ సంతకం పెట్టండి.