విద్వాంసులకు మన్నన, మృతులకు మఱపు

1944 సెప్టెంబరు 8వ తేదీని జర్మనుల వి-2 రాకెట్టు లండను నగరముపై తొలిసారిగా పడి మువ్వురిని బలిగొనెను. మఱుసటి యేట జర్మనీ యోడిపోయెను. దానిని నిర్మించిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ మొదలగు విద్వాంసులను అమెరికావారు దండింపలేదు సరిగదా, ఆ యేడే తమ దేశమునకు గొనిపోయి కొలువిచ్చిరి.

రష్యావారును వెనుదీయలేదు. 1946 అక్టోబరు 22వ తేదీని తెల్లవారకమున్నే సైనికులు తలుపులు తట్టి, రెండువేలకు మించిన జర్మను నిపుణులను ఆలుబిడ్డలతోను సామానులతోను రైళ్లకెక్కించిరి. ఇల్లాండ్ర సమ్మతి నడిగినవారు లేరు.

ఆ రాకెట్లను జేసిన చేతులెవ్వరివి? నార్డ్‌హౌసెన్ చెంత కొండ తొలిచిన సొరంగములలో డోరా శిబిరపు ఖైదీలచే వానిని చేయించిరి. ఆ శిబిరమునను దాని శాఖలలోను చిక్కిన సుమారఱువది వేలమందిలో ఇరువది వేలమంది వఱకు ఆకలిచేతను రోగముచేతను హింసచేతను మడిసిరి.

ఫాన్ బ్రౌన్ బృందము నిర్మించిన సాటర్న్-5 రాకెట్టు 1969లో మానవుని చంద్రునికడకు బంపెను. ఆ ఘనతను మేము కాదనము. కాని సొరంగములలో ఉత్పత్తిని నడపిన ఆర్థర్ రూడాల్ఫే సాటర్న్-5 పనికిని పెద్దయయ్యెను. అతడు విచారణ కెదురై అమెరికాను విడిచినది 1984లో; అప్పటికి ముప్పదితొమ్మిదేండ్లు గడచినవి.

నేర్పరియైన పనివాని దుర్నయమును జూచియు జూడనట్లుండుట గృహములందును గలదు. నేర్పునకు గూలి యియ్యవచ్చును. నేరమునకు క్షమ యిచ్చు నధికారము మాత్రము బాధపడినవారిదే. బిడ్డలకు చంద్రయాత్ర కథ చెప్పునపుడు డోరా పేరును గూడ చెప్పుడు.